‘మేము’ అంటే ఎంతమంది?

బడిలో నేర్పే లెక్క తేలికగా ఉంటుంది. ఒకటైతే ఏకవచనం, ఒకటి దాటితే బహువచనం. కుండ – కుండలు, రేకు – రేకులు, చెట్టు – చెట్లు. అదే వరసలో ‘నేను – మేము’, ‘నువ్వు – మీరు’, ‘వాడు – వాళ్ళు’ అని కూడా రాయిస్తారు. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. అయితే ఈ రెండో వరసలో మొదటి జంట దగ్గరే లెక్క తప్పుతుంది. పది కుండలు పక్కపక్కన పెడితే ‘కుండలు’ అవుతాయి. పది ‘నేను’లు పక్కపక్కన ఉండడమన్నది ఎక్కడా జరగదు. మాట అనేవారు ఒక్కరే. ఆ నోటికి తక్కిన తొమ్మిదిమందీ నువ్వో, వాడో, ఆవిడో అవుతారు. వాళ్ళలో ఎవరిని తన పక్కకు చేర్చుకుంటున్నారో, ఎవరిని అవతల ఉంచుతున్నారో చెప్పడమే ‘మేము’ చేసే పని. ఎంతమంది అన్నది దానికి పట్టదు. ఎవరెవరు అన్నదే పడుతుంది.

ఆత్రేయపురంలో ఏ పూతరేకుల కొట్టు ముందు కాసేపు నిలబడినా ఈ సంగతి పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది. రావులపాలెం వైపు నుంచి వచ్చిన కారు ఆగుతుంది. “నెయ్యి మంచిదేనాండీ?” అని దిగినాయన అడుగుతాడు. “మాయన్నీ మంచి నెయ్యేనండీ, ఆయ్” అంటుంది కొట్లో ఆవిడ. కారు వెళ్ళాక ఆవిడే పక్క కొట్టు వైపు తిరిగి, “రేపు శనివారం కదా, మనకి వాడపల్లి గుడికొచ్చే జనం దిగుతారు, రేకు ఇంకాస్త తెప్పిద్దాం” అంటుంది. మొదటి మాటలో ‘మా’ అన్నప్పుడు కొనేవాడు బయట ఉన్నాడు, పక్క కొట్టు కూడా బయటే ఉంది. రెండో మాటలో ‘మన’ అనగానే పక్క కొట్టు లోపలికి వచ్చేసింది. మనుషులెవరూ కదల్లేదు. మాట కదిలింది.

వినేవారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. తెలుగు పుట్టుకతో వచ్చినవారికి ఇది ఎవరూ నేర్పరు. క్రియలో తేడా ఉండదు, మేం వెళ్తాం, మనం వెళ్తాం. ఎదుటివారిని చూసి “పదండి, వెళ్దాం” అన్నప్పుడు మాత్రం క్రియే చెప్పేస్తుంది, ఆ ప్రయాణంలో వినేవారు ఉండి తీరాలి. ఇంగ్లీషులో, హిందీలో, సంస్కృతంలో ఈ రెంటికీ ఒక్క మాటే. అందుకే ఐరోపావారికి ఇది చాలాకాలం తెలియని సంగతి. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు కెచువా భాషకు దొమింగో ద సాంతో తోమాస్ అనే స్పెయిన్ సన్యాసి రాసిన వ్యాకరణం 1560లో అచ్చయింది. యూరపు పుస్తకాల్లో మేము–మనం తేడాను వివరించిన మొదటి పుస్తకం అదేనంటారు. ఆ తర్వాత చూస్తూ పోతే ఇది అంత అరుదేమీ కాదని తేలింది. భాషల నిర్మాణాలను పటాలుగా గీసిన ఒక పెద్ద పరిశీలనలో 200 భాషలు తీసుకుంటే 63 భాషల్లో ఈ రెండు మాటలూ విడివిడిగా కనిపించాయి.

మన ఇంటి భాషల్లో ఇది చాలా పాతది. తమిళంలో ‘నాంగళ్’ మేము, ‘నామ్’ మనం. మలయాళంలో ‘ఞంగళ్’, ‘నమ్మళ్’. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో మూలద్రావిడానికే రెండు రూపాలు చూపించారు: ‘మేము’కు ‘యామ్’, ‘మనం’కు ‘ఞామ్’. తమిళ కన్నడాల్లో వినిపించే ‘నమ్మ’, తెలుగు ‘మన’ ఒకే మాటకు పిల్లలు. నమ అన్న అక్షరాలు తెలుగులో తారుమారై మన అయ్యాయి. నన్నయ నాటి తెలుగులో ‘ఏను’, ‘ఏము’ అన్న రూపాలున్నాయి. ‘నా’, ‘మా’ అన్న మాటలను చూసి అవి కూడా ముందు ఒక న, ఒక మ తగిలించుకుని నేను, మేము అయ్యాయి. కన్నడం మాత్రం దారి మార్చింది. అక్కడ ఇప్పుడు ‘నావు’ ఒక్కటే ఉంది, మేమూ అదే, మనమూ అదే. 2011లో బెంగళూరులో మొదలైన ‘నమ్మ మెట్రో’ ఎవరిది, చెప్పేవాళ్ళదా, వినేవాళ్ళదీనా అంటే కన్నడం జవాబు చెప్పక్కర్లేదు. తెలుగులో పేరు పెట్టాలంటే ముందు అది తేల్చుకోవాలి.

తేల్చుకోవడం అన్నాను. అనువాదం చేసేవారికి ఇది ఎంత బరువైన పనో ఆలోచించండి. ఆత్రేయపురానికి ఎగువన, ధవళేశ్వరం ఆనకట్టకు అవతల ఉన్న రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ సంస్కృత భారతాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నాడు. సంస్కృతంలో ‘వయం’ ఒక్కటే. పాండవులు తమలో తాము అనుకునే ‘వయం’ మనం కావాలి. అదే మాట వాళ్ళు దుర్యోధనుడితో అంటే మేము కావాలి. సభలో భీష్మద్రోణుల ముందు అంటే? దాయాదులతో రాయబారం నడుస్తున్నప్పుడు అంటే? మూలంలో లేని గీతను ప్రతి చోటా కవి తన తీర్పుతో గీయాలి. సంధి మాటల్లో ఆ గీత ఎక్కడ పడితే అక్కడి నుంచే యుద్ధమో శాంతో మొదలవుతుంది. తిక్కన, ఎర్రన కూడా ఈ పని చేసినవారే. వారి గొప్పతనాన్ని పద్యాల ధారలోనూ సమాసాల్లోనూ వెతుకుతాం, వెతకాలి కూడా. ఇంత చిన్న మాట దగ్గర వారు వేల సార్లు తీసుకున్న నిర్ణయాలకు కూడా నేను చేతులెత్తి మొక్కుతాను.

1949 నవంబరు 26న ఆమోదం పొందిన రాజ్యాంగ పీఠిక తెలుగులోకి వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న ఎదురై ఉండాలి. ఇంగ్లీషు మూలం, హిందీ అనువాదం దాన్ని దాటేసి పోగలవు, తెలుగు దాటలేదు. తెలుగులో ‘మేము’ అని ఉంది. దేశమంతా ఒక్కటై చెప్పే మాటలో ‘మనం’ ఉంటే బాగుండేదని కొందరికి అనిపించవచ్చు. నాకు ‘మేము’ సరైనదే అనిపిస్తుంది. అది ఒక ప్రకటన, ప్రకటన వినేవారు ఎదురుగా ఎవరో ఉన్నారు. లోకం ఉంది, చరిత్ర ఉంది, రేపు పుట్టబోయే తరాలున్నాయి. వాళ్ళ ముందు నిలబడి చెబుతున్నారు కాబట్టి మేము. క్రైస్తవుల ప్రభువు ప్రార్థనలో తండ్రిని ‘మా’ తండ్రీ అని పిలిచేదీ ఇందుకే. పిలుపు వినే దేవుణ్ణి ఆ ‘మా’లో కలపడానికి వీల్లేదు.

ఇప్పుడు చైనాకు వెళ్దాం. చైనీసుకూ తెలుగుకూ చుట్టరికం లేదు, అక్షరం కలవదు, వాక్యం కలవదు. అయినా ఈ ఒక్క విషయంలో ఆ భాష నడిచిన దారి చూస్తే మన సంగతి మనకు మరింత బాగా తెలుస్తుంది.

కన్ఫ్యూషియస్ కాలం నాటి చైనీసులో సర్వనామానికి విడిగా బహువచనం లేదు. ‘వో’ అంటే నేను. ఎందరి తరఫున మాట్లాడినా ‘వో’నే. సందర్భం చూసి వినేవారే తెలుసుకోవాలి. విడమరిచి చెప్పాల్సి వస్తే ‘నేను’ పక్కన జట్టు, తరగతి, కోవ అన్న అర్థాలిచ్చే మాట ఒకటి పెట్టేవారు. ‘బెయ్’ అలాంటి మాట. ‘మా బోటివాళ్ళం’ అంటామే, అచ్చంగా అదే నడక. ఇవి పుస్తకాల్లో కనిపించే పెద్దరికపు మాటలు. జనం నోట పుట్టింది వేరే ఉంది, అదే ‘మెన్’. నేటి చైనీసులో ‘వో’కి మెన్ చేరిస్తే ‘వోమెన్’, మేము. ‘నీ’ అంటే నువ్వు, ‘నీమెన్’ మీరు. ‘తా’ అంటే అతను గానీ ఆమె గానీ, ‘తామెన్’ వాళ్ళు. కొత్తగా చైనీసు నేర్చుకునేవారికి మొదటి వారంలోనే ఇవన్నీ వచ్చేస్తాయి.

ఈ ‘మెన్’ ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం నేటికీ తెగని చర్చ. తాంగ్ రాజుల కాలం నుంచి దీని ఆనవాళ్ళు కనిపిస్తాయి. సోంగ్ కాలంలో (960–1279) ఒక్కో రచయిత ఒక్కో అక్షరంతో దీన్ని రాశాడు. నోట్లో ఉన్న మాటకు రాతలో ఇంకా ఇల్లు దొరకలేదన్నమాట. మంగోలులు ఏలిన యువాన్ కాలంలో (1271–1368) ఇదే పనికి ‘మెయ్’ అన్న రూపం వాడుకలోకి వచ్చింది. మింగ్ కాలంలో ‘మెన్’ తిరిగి వచ్చి నిలబడిపోయింది. ఈ చరిత్రనంతా పాత నాటకాల్లోంచీ బౌద్ధ గురువుల సంభాషణల్లోంచీ ఏరి కూర్చినవారు ల్యూ షూషియాంగ్ అనే చైనా వ్యాకరణవేత్త. ఆయన ఈ సర్వనామాల మీద రాసిన వ్యాసం 1940లో వచ్చింది. ‘మెన్’ పుట్టుక గురించి గట్టిగా వినిపించే వాదాలు రెండు. పైన చెప్పిన ‘బెయ్’ అన్న మాటే అరిగి మారిందని ఒకటి. గుమ్మం అన్న అర్థమున్న ‘మెన్’ అనే మాట నుంచి వచ్చిందని రెండోది. గుమ్మం అంటే ఇల్లు, ఇల్లు అంటే ఆ ఇంటివాళ్ళు, వంశం. నేడు రాసే అక్షరంలో ఎడమవైపు మనిషి గుర్తు, కుడివైపు గుమ్మం గుర్తు ఉంటాయి. గుమ్మం అక్కడ పలుకు చూపడానికే ఉంది గనుక దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా పట్టుకోలేం. ఇంటి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

‘మెన్’ మన ‘లు’ లాంటిది కాదు. ‘లు’ కుండకూ వస్తుంది, కూతురికీ వస్తుంది. ‘మెన్’ మామూలుగా మనుషులకే వస్తుంది. ఉపాధ్యాయులు అనడానికి ‘లావోషీమెన్’ అనవచ్చు. బల్లలకు, పుస్తకాలకు మెన్ చేర్చరు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: అంకె చెప్పాక మెన్ రాకూడదు. ‘ముగ్గురు ఉపాధ్యాయులు’ అనాలంటే మూడు అన్న అంకె వచ్చేసింది గనుక మెన్ ఊడిపోతుంది. లెక్క చెప్పడమే మెన్ పనైతే లెక్క ఉన్నచోట అది ఇంకా బాగా అతకాలి కదా! అతకదు, ఎందుకంటే దాని పని లెక్క కాదు, మనుషుల్ని ఒక గుంపుగా కట్టడం. తెలుగు కూడా మనిషినీ వస్తువునూ వేరుచేస్తుంది, వేరే చోట. మూడు కుండలు, ముగ్గురు మనుషులు. అవి వచ్చాయి, వాళ్ళు వచ్చారు. ‘మూడు మనుషులు’ అంటే చిన్నపిల్ల కూడా నవ్వుతుంది.

గుంపుగా కట్టడం అంటే ఏమిటో తెలుగువారికి ఒక్క మాటతో చెప్పవచ్చు. “అక్కావాళ్ళు వచ్చారు.” వచ్చింది ఎంతమంది అక్కలు? ఒక్క అక్కే. బావ, పిల్లలు, ఒక్కోసారి అక్క అత్తగారు కూడా ఆ ‘వాళ్ళు’లో ఉంటారు. అక్కలు అంటే వేరు, అక్కావాళ్ళు అంటే వేరు. మొదటిది లెక్క, రెండోది ఇల్లు. కోనసీమ నోట ఇది ‘మా అక్కా ఆళ్ళు’, ‘పెదనాన్నా ఆళ్ళు’ అవుతుంది. చైనీసులో వాంగ్ అనే కుర్రవాడి ఇంటివాళ్ళనో జట్టునో చెప్పడానికి ‘షియావ్ వాంగ్ తామెన్’ అంటారు. మాటకు మాట పెడితే ‘చిన్న వాంగ్ వాళ్ళు’. మనం వాడే ‘వాళ్ళు’, వాళ్ళు వాడే ‘తామెన్’ ఒకే చోట, ఒకే పనికి నిలబడ్డాయి. ‘మేము’ కూడా లోపల ఇలాంటిదే. అది ‘నేనూ వాళ్ళూ’.

చైనీసుకు మనం, మేము తేడా ఉందా అంటే, ఉత్తరాన ఉంది. బీజింగ్ ప్రాంతపు వాడుకలో వోమెన్ పక్కన ‘జాన్‌మెన్’ అని ఇంకో మాట ఉంది. జామకాయలో జ పలికినట్టు పలకాలి. వినేవారిని కలుపుకుంటే జాన్‌మెన్. ఇందులో ‘జాన్’ పుట్టుక గురించి ల్యూ షూషియాంగ్ చూపిన దారి నాకు చాలా ఇష్టం. పూర్వం ‘జ-జ్యా’ అనే మాట ఉండేది. ‘జ’ అంటే తాను, ‘జ్యా’ అంటే ఇల్లు. సొంత ఇంటి మనిషి, తాను అని అర్థం. ఆ రెండు ముక్కలూ నాలుక మీద కరిగి ఒక్క పలుకయ్యాయి. తాను అన్న మాట ‘మనం’ అయింది.

ఇలా జరగడం వింతగా తోస్తే పక్కనే ఉన్న మరాఠీని చూడండి. మరాఠీలో ‘ఆమ్హీ’ మేము, ‘ఆపణ్’ మనం. ఆ ‘ఆపణ్’ సంస్కృతంలో తాను అని చెప్పే ‘ఆత్మన్’ నుంచి వచ్చింది. ఉత్తరాది భాషల కుటుంబానికి చెందిన మరాఠీకి ఈ తేడా పుట్టుకతో లేదు. తెలుగు, కన్నడాలు మాట్లాడే జనంతో శతాబ్దాలు కలిసి బతికినందువల్ల దానికి అబ్బిందని భాషావేత్తలు అంటారు. భారతదేశమంతా ఒకే భాషా మండలమని 1956లో ఎమెనో అనే భాషావేత్త రాసిన ప్రసిద్ధ వ్యాసం తర్వాత ఇలాంటి ఇచ్చిపుచ్చుకోళ్ళ మీద చూపు బాగా పెరిగింది. ఉత్తర చైనాలోనూ ఇలాంటి ఇరుగుపొరుగు కథే ఉంది. 12వ శతాబ్దంలో జుర్చెన్‌లు, ఆ తర్వాత మంగోలులు, 1644 నుంచి మంచూలు ఆ నేలను ఏలారు. మంగోలు భాషలో ‘బా’ మేము, ‘బిద’ మనం. మంచూలో ‘బె’ మేము, ‘ముసె’ మనం. జాన్‌మెన్ తేడా చైనీసు రాతల్లో తేలిన కాలం కూడా ఆ ఏలుబడులు మొదలైన కాలమే. పొరుగువారి దగ్గర మాట అరువు తెచ్చుకోవడం అందరికీ తెలుసు. ఇక్కడ మాట తేలేదు, తేడాను తెచ్చుకుని సొంత ఇంట్లో ఉన్న మాటతో దాన్ని కట్టుకున్నారు. అందరూ దీన్ని ఒప్పుకోరు, కానీ మరాఠీ పక్కన పెట్టి చూస్తే ఈ వాదం నాకు బలంగానే కనిపిస్తుంది.

తెలుగులో కూడా ‘తాను’ ఇలా ప్రయాణం చేసింది, వేరే ఊరికి. తాను బహువచనం తాము. దాని పక్కనే తమరు. గోదావరి జిల్లాల్లో పెద్దవారితో “తమరెప్పుడొచ్చారండీ?” అంటే అక్కడ తమరు అంటే మీరు. చైనాలో తాను మనమైంది, మన దగ్గర తాను మహా మర్యాద అయింది.

దక్షిణ చైనాలోని ఫూజియన్ తీరంలోనూ తైవాన్‌లోనూ మాట్లాడే హొక్కియెన్‌లో కూడా రెండు మాటలున్నాయి. ‘గున్’ మేము, ‘లన్’ మనం. అక్కడ పెళ్ళయినావిడ తన భర్త గురించి చెప్పేటప్పుడు ‘గున్ అంగ్’ అంటుంది. అంగ్ అంటే భర్త. మాటకు మాట పెడితే ‘మా భర్త’. ఆయన భార్యను ‘గున్ బో’ అంటాడు. అమ్మ కూడా ‘గున్’ అమ్మే. ఈ మాట మొదట తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఆడవాళ్ళు తరతరాలుగా అంటున్న మాటే కదా అది: ‘మా ఆయన’, ‘మావారు’!

ఆయన ఎవరెవరికి ఆయన? ఒక్కరికే. మరి ‘మా’ ఎందుకు? తెలుగులో నా పెన్ను, నా ఫోను, నా చెయ్యి అంటాం. అమ్మ, ఇల్లు, ఊరు, వీధి, బడి దగ్గరకు వచ్చేసరికి మా అంటాం. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క కొడుకు కూడా ‘మా అమ్మ’ అంటాడు. ఒంటరిగా బతికే మనిషి కూడా ‘మా ఇల్లు’ అంటాడు. ‘నా భర్త’ దరఖాస్తు భాష, ‘నా మొగుడు’ తగువు భాష. మామూలు రోజున మాత్రం ఆయన మా ఆయనే. ఇక్కడ ‘మా’ అన్నది ఆయన్ని పంచుకునేవారి లెక్క చెప్పడం లేదు, ఆయన ఏ ఇంటి మనిషో చెబుతోంది. ఆ ఇంట్లో ఆవిడా ఉంది, పిల్లలున్నారు, అత్తమామలున్నారు. వినేవారు ఆ ఇంటివారు కాదు గనుక ‘మన’ కాదు, ‘మా’. ఉత్తర చైనా పల్లెల్లో ‘ఆన్’ అనే మాట ఉంది. అది పూర్వం వోమెన్ ముడుచుకుని పుట్టిన బహువచనమే. ఇప్పుడు షాన్‌దొంగ్ రైతు తనొక్కణ్ణే చెప్పుకోవడానికి కూడా ఆన్ అంటాడు. అమ్మ, ఇల్లు అన్నచోట ఒక్కరున్నా మేము అనే అలవాటే ఇలా మేమును నేనుగా మార్చే దారి వేసి ఉంటుంది. గుమ్మం నుంచి వచ్చిందనే మెన్, సొంత ఇంటి నుంచి వచ్చిన జాన్, తెలుగింటి ‘మా’ – మూడూ ఒక్క చోటికే చేరుతున్నాయి. సర్వనామానికి బహువచనం పుట్టింది అంకెల దగ్గర కాదు, ఇంటి దగ్గర.

ఈ ‘మా’కు ఇప్పుడు చట్టం కూడా ఉంది. 1999లో చేసి 2003 సెప్టెంబరు నుంచి అమలు చేస్తున్న భౌగోళిక గుర్తింపు చట్టం కింద ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు వచ్చింది. అడిగింది ఒక వ్యాపారి కాదు, తయారీదారుల సంఘం. ఆ సంఘం పేరు ముందు సర్ ఆర్థర్ కాటన్ పేరు ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి మధ్య డెల్టాకు కాలవ నీరిచ్చినాయన మీద గోదావరివారికున్న గౌరవం అది. ట్రేడ్‌మార్కు ‘నాది’ అంటుంది, ఒక మనిషిదో ఒక కంపెనీదో. భౌగోళిక గుర్తింపు ‘నాది’ అనడానికి వీల్లేదు, అమ్ముకోవడానికీ వీల్లేదు. అది ఆ చోట ఆ పని చేసేవారందరిదీ. పని ఏమిటంటే, నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి నీళ్ళలా జారుగా కలుపుతారు. లోపల మంట రగులుతున్న కుండ బోర్లించి ఉంటుంది. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులా చాపి, కుండ వీపు మీద పరిచి ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో పూత ఆరి పొర లేస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. రోజంతా ఆ సెగ ముందు కూర్చుని రేకు తీసే ఆడవాళ్ళు వేరు, ఆ రేకులు కొని నెయ్యి, పంచదారో బెల్లం పొడో వేసి చుట్టి అమ్మే కొట్లవాళ్ళు చాలాసార్లు వేరు. “మేం రేకు తీత్తామండీ, చుట్టేది ఆళ్ళు” అన్న వాక్యంలో ఒక ఊరి ఆర్థిక వ్యవస్థ అంతా ఉంది. చట్టం రాసిన పెద్ద ‘మేము’ లోపల ఈ చిన్న ‘మేము’ ఉంది. గుర్తింపు వల్ల పెరిగే ధర కుండ దాకా వెళ్ళాలంటే ఈ రెండో మేమును మర్చిపోకూడదు.

ఇక మీరు. ఒక్కరికే మీరు అనడం మర్యాద అని మనకు తెలుసు. లాటిన్‌లోనూ ఫ్రెంచిలోనూ ఇదే జరిగింది. ఈ సంగతి మీద బ్రౌన్, గిల్మన్ అనే ఇద్దరు 1960లో రాసిన వ్యాసం నేటికీ చదువుతున్నారు. ఎవరికి ఏకవచనం పడుతుంది, ఎవరికి బహువచనం పడుతుంది అన్నది అధికారానికీ చనువుకూ కొలత అని వారు చూపించారు. చైనీసులో గౌరవ సర్వనామం ‘నిన్’. పాత రాతల్లో ఇదే పలుకు నీమెన్ ముడుచుకుని వచ్చిన ‘మీరు’. నేటి మర్యాద ‘నిన్’ దాని కొనసాగింపేనని కొందరు, ‘పెద్దవారైన మీరు’ అన్న పిలుపు కరిగి విడిగా పుట్టిందని మరికొందరు అంటారు.

తెలుగులో ఈ మర్యాద ఆడవారి విషయంలో ఇంకో పని చేస్తుంది. ఏకవచనంలో అక్క వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మూడు చోట్లా ఒకే క్రియ. అన్న మాత్రం వచ్చాడు. బహువచనంలోకి వెళ్ళగానే ఆవులు, బస్సులు ‘వచ్చాయి’ దగ్గర ఉండిపోతాయి, అక్కలు అన్నల పక్కకు చేరి ‘వచ్చారు’ అవుతారు. అంటే తెలుగు వ్యాకరణంలో స్త్రీకి మనిషి క్రియ దక్కేది బహువచనంలోనే. “టీచరుగారు వచ్చారు” అనడంలో మర్యాదతోపాటు ఇదీ ఉంది. ఆత్రేయపురం మండలంలోనే ఉన్న ర్యాలి గుడిలో మూర్తి ముందువైపు కేశవుడు, వెనకవైపు జగన్మోహిని. ఏకవచనంలో ఆ మూర్తి గురించి చెప్పాలంటే ఉన్నాడు అనాలో ఉంది అనాలో తేల్చుకోవాలి. “స్వామివారు కొలువై ఉన్నారు” అంటే ఏదీ తేల్చక్కర్లేదు.

ఈ మర్యాద అందరికీ సమంగా దక్కలేదన్న నిజం చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. కోనసీమ పొలాల్లో తాతల వయసున్న దళిత రైతుకూలీని భూమున్న ఇంటి పదేళ్ళ పిల్లవాడు నువ్వు అనడం, ఒరే అనడం, ఆ పెద్దాయన వాణ్ణి అయ్యా అని, తమరు అని పిలవడం ఎంతో కాలం సాగింది. వయసుకు ఇచ్చే బహువచనాన్ని కులం లాగేసుకుంది. బడికి వెళ్ళిన తరం, పట్నంలో ఉద్యోగం చేసి వచ్చిన తరం ‘మీరు’ అనిపించుకోవడానికి పెనుగులాడింది. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు ఉంది. క్రియ చివరి ‘రు’ కోసం జరిగిన ఆ పెనుగులాట ఈ జిల్లా చరిత్రలో భాగమని నేను నమ్ముతాను.

‘మన’ కూడా అంత అమాయకమైన మాట కాదు. రావులపాలెంలో బస్సెక్కితే పక్క సీటులో పెద్దాయన “మనదే ఊరండీ?” అని అడుగుతాడు. అడిగేది మీ ఊరే. నువ్వు అంటే చులకన, మీరు అంటే దూరం అనుకున్నచోట మన అని దగ్గరకు తీసుకుంటాడు. చైనాలో కూడా ఏడ్చే పిల్లను ఊరుకోబెడుతూ జాన్‌మెన్ ఏడవం అంటారు, ఏడవకూడనిది పిల్లే. మన నర్సమ్మ “ఇప్పుడు మనం మాత్ర వేసుకుందామా” అన్నట్టే. అదే బస్సులో, పేరూ ఊరూ తెలిశాక, గొంతు కాస్త తగ్గించి ఇంకో ప్రశ్న వస్తుంది: “మనోళ్ళేనా?” అది కులం అడగడం. మొదటి ప్రశ్నలో ‘మన’ ఎదుటి మనిషిని ముందే కలుపుకుంది. రెండో ప్రశ్నలో కలుపుకోవచ్చో లేదో తేల్చుకుంటోంది. వినేవారిని కలుపుకునే మాట అని వ్యాకరణం చెప్పే నిర్వచనం ఆ రెండో ప్రశ్న దగ్గర నిలవదు. తెలుగు వ్యాకరణ పాఠంలో ‘నేను – మేము’ అన్న వరస పక్కన ‘మనం’ కూడా రాయించి, ఈ రెండు ప్రశ్నలనూ ఉదాహరణలుగా ఇవ్వాలని, పిల్లల చేత వాటి మీద మాట్లాడించాలని నా కోరిక.